ధవళుడి దుప్పటి

అచ్చాఫీసు మేడ మీద, అక్షరాల గది,
మంగళవారం

వదినా,

క్షేమమా అని అడగను. అన్నయ్య పోయి నెల తిరగకుండానే అలా అడుగుతూ వచ్చిన ఉత్తరాలు మీ దగ్గర సంచీడు పోగై ఉంటాయి. నా సంగతి మీకు తెలుసు, ఉపోద్ఘాతాలు నాకు చేతకావు. విషయానికొస్తాను.

అన్నయ్య ఆఖరి కవరు గుట్టమీది ఆసుపత్రి నుంచి నిన్న ఇక్కడికి చేరింది. అందులో ఒకటే పేజీ. ఆ పేజీ నిండా ఒకటే బొమ్మ. పదిహేనేళ్ళుగా వారం వారం 'మాయదుప్పటి ధవళుడు' గీశాడు కదా, ఏనాడైనా పేజీ మొత్తం ఒక్క బొమ్మకి ఖర్చు పెట్టాడా? "కాగితం ఊరికే రాదురా అగ్గిపుల్లా" అని, ఒక్కో పేజీలో తొమ్మిదేసి గళ్ళు ఇరికించేవాడు. అలాంటివాడు ఇలా గీశాడంటే ఊరికే గీయలేదు.

ధవళుడు గోడకి ఒరిగి కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని ఉన్నాడు. దుప్పటి భుజాల మీంచి సగం జారి ఉంది. బొమ్మ అంచులోంచి రెండు చేతులు వచ్చి ఆ దుప్పటి కొసల్ని పట్టుకున్నాయి. చేతులే, వదినా. మనిషి లేడు, మొహం లేదు. పైన మాటల బుడగ ఒకటి, దాని తోక ఆ చేతుల వైపు తిరిగి ఉంది. బుడగ ఖాళీ. ఎప్పటిలాగే మాట నాకు వదిలేశాడు. "నోరు నేను గీస్తాను, మాట నువ్వు పెట్టు" అన్నదే కదా మా ఇద్దరి మధ్య ఒప్పందం.

మన యజమాని పెద్దకళ్ళద్దాలు ఆ పేజీ చూసి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "ఇదిగో, అప్పగింత! వేలికి ఉంగరం ఉంది చూడు. ఈ చేతులు యువరాజువి. ధవళుడు పోతాడు, దుప్పటి యువరాజుకి దక్కుతుంది" అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ధవళుడు జాలిపడి పెంచినంత మాత్రాన, కోటలో పుట్టి పట్టుపరుపుల మీద పొర్లిన ఆ యువరాజుకి దుప్పటా? పదిహేనేళ్ళు కోటగోడలు కూలగొట్టినవాడి దుప్పటి మళ్ళీ కోటలోకే పోతుందా? నేనన్నాను: "అయ్యా, ఈ అచ్చాఫీసులో మొదట్లో ఎరుపూ నలుపూ తప్ప రంగులు లేవు. దుప్పటికి రంగు చాలక అన్నయ్య ఉత్త కాగితాన్నే దుప్పటిగా వదిలేశాడు. ఈనాటికీ అది ఉత్త కాగితమే. దాని మీద మీరు చుక్క సిరా ఖర్చు పెట్టలేదు. దాన్ని పంచిపెట్టే హక్కు మీకెక్కడిది?" ఆయన కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. ఇరుకునపడ్డప్పుడల్లా అదే పని.

అది ఉంగరమూ కాదు, గింగరమూ కాదు, పెన్సిలు గీత రెండుసార్లు పడింది, అంతే. అసలు గుర్తు వేరే ఉంది. కుడి బొటనవేలి గోరు మీద నల్లటి మచ్చ! పాళీ తుడుచుకుని తుడుచుకుని నా గోటికి పట్టిన సిరామచ్చ అది. సబ్బుతో తోమినా, రాయితో గీకినా పోదని మీరే కదా వెక్కిరించేవారు? అన్నయ్య నన్ను గీశాడు, వదినా. వరద కథలో ధవళుడి నోట్లో నా కరపత్రం మాటలు పెట్టానని కోప్పడి, నాతో మాట్లాడటం మానేసిన అన్నయ్య, ఆఖరికి నా చేతుల్ని గీశాడు.

యజమానికి ఒక్క మనిషి మాటంటేనే భయం, అది మీ మాట. కథలో దుప్పటి ఎవరికి దక్కాలో, ఇకమీద బొమ్మలు ఎవరు గీయాలో మీరు చెప్తే అలాగే చేస్తానని నలుగురి ముందు అన్నాడు. రెండు ముక్కలు రాసి పంపండి. దుప్పటి నా చేతికొస్తే ఏం చేస్తానో కూడా చెప్తున్నాను: ముక్కలుగా చింపి ఊళ్ళో ప్రతివాడికీ తలా ఒకటి పంచుతాను. ఒక్కడు ఎగిరితే వందమంది తలెత్తి నోళ్ళు తెరుచుకుని చూసే రోజులు పోయాయి. ఇకనుంచి అందరూ ఎగరాలి.

మీ మరిది


బట్టల దిద్దుబాటు కొట్టు, వెనక గది,
శుక్రవారం

అగ్గిపుల్లా,

నీ ఉత్తరం ఇస్త్రీ చేస్తూ చదివాను. "ఒళ్ళు మండిపోయింది" అన్న దగ్గరికి వచ్చేసరికి నిజంగానే వాసనొచ్చింది. చూస్తే ఒక పెద్దమనిషి పంట్లాం మోకాలి దగ్గర పెట్టె ఆకారంలో మాడిపోయింది. "మీ మరిది ఉత్తరాలు బయట కూర్చుని చదువుకో తల్లీ" అంది కొట్టామె. కాబట్టి ఇది మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను.

దుప్పటి చింపి అందరికీ పంచుతానన్నావు. నాయనా, నేను కుట్టుపని చేసుకుని బతికేదాన్ని. నువ్వేమో కరపత్రాలు చదువుకున్నవాడివి. దుప్పటిని ఊరందరికీ చింపితే ఏమవుతుందో నీ కరపత్రాల్లో రాసి ఉండదు, నేను చెప్తాను: పీలికలవుతుంది. పీలికతో ఎవడూ ఎగరడు, ముక్కు తుడుచుకుంటాడు.

కోప్పడకు. నవ్వించి చాలా రోజులైందని రాశాను.

ఆ పేజీ నేను చూశాను. గీస్తున్నప్పుడే చూశాను. అప్పటికి ఆయన చేతిలో బలం లేదు. మోకాళ్ళ మీద పలక ఆనించి, పెన్సిలు జారిపోయినప్పుడల్లా నేను వేళ్ళ మధ్య పెడుతుంటే గీశారు. ఆ ఒక్క బొమ్మకి చాలా రోజులు పట్టింది. గళ్ళు గీసే ఓపిక లేకే పేజీ అంతా ఒక్కటి గీశారేమో, అదీ ఆలోచించు. అన్నిటికీ అర్థాలు లాగకు.

ఎవరి పేరూ ఇప్పుడే రాయను. నన్ను తొందరపెట్టకు. మీ అన్నయ్య బట్టలు ఇంకా మడతపెట్టలేదు నేను. ఆ పని కాకుండా ఆయన దుప్పటి ఎవరికివ్వాలో ఎలా చెప్పను?

ఇక్కడే ఎందుకున్నానని ఇంతకుముందొక ఉత్తరంలో అడిగావు. పని దొరికింది, అద్దె తక్కువ. ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ పొద్దున ఇక్కడ కుట్టి, సాయంత్రం గుట్ట ఎక్కేదాన్ని. ఇప్పుడూ కొట్టు కట్టేసే వేళకి కాళ్ళు ఆ దారే పడుతున్నాయి. సగం ఎక్కాక గుర్తొచ్చి దిగొస్తున్నాను. ఆ అలవాటు పోయాక వస్తాను.

వేళకి తింటున్నావా? నీకు కోపమే భోజనం అని మీ అన్నయ్య అనేవారు.

వదిన


అచ్చాఫీసు మేడ,
బుధవారం

వదినా,

మీరు మెట్ల మీద కూర్చుని నవ్వులు రాస్తున్నారు. ఇక్కడ కొంప మునుగుతోంది.

పెద్దకళ్ళద్దాలు కొత్త బొమ్మలామెని తెచ్చాడు. అన్నయ్య బల్ల దగ్గర, అన్నయ్య కుర్చీలో కూర్చోబెట్టాడు! ఇంతకుముందు ఏం గీసేదో తెలుసా? బూట్ల పాలిష్ డబ్బాల మీద మెరిసే బూటు. మందుసీసాల మీద దగ్గే మొహం. డబ్బులిస్తే దగ్గుని కూడా అందంగా గీసే అద్దె కుంచె. "ధవళుడి ముక్కు ఎటు వంగి ఉంటుంది?" అని నన్నే అడిగింది. "మీ యజమాని ఎటు వంచమంటే అటు" అన్నాను. ఆవిడ నవ్వింది కూడా. సిగ్గులేనితనం కాకపోతే ఏమిటది?

అంతకన్నా ఘోరం వినండి. బుడగలో యజమాని రాయమంటున్న మాట: "యువరాజా, ఇక లోకం నీది." బుడగ తోక చేతుల వైపు ఉంది మహాశయా, మాట్లాడేది చేతులవాడు, ధవళుడు కాదు అన్నాను. దానికేముంది, తెల్లరంగు పూసి తోక అటు తిప్పేద్దాం అన్నాడు. అన్నయ్య గీసిన ఆఖరి గీత మీద తెల్లరంగు! నా పాళీలన్నీ పెట్టెలో వేసి తాళం వేసుకున్నాను. నేను మాట పెట్టను, తోక తిప్పనివ్వను. రెండు వారాలుగా ధవళుడి పుస్తకం రాలేదు. కొట్ల ముందు జనం వచ్చి అడిగి పోతున్నారు. యజమాని కింది గదిలో అటూ ఇటూ తిరుగుతున్న చప్పుడు నాకు పైకి వినిపిస్తోంది. తిరగనీ.

వారసత్వం అన్నదే దొంగతనానికి పెట్టిన ముద్దుపేరు అని నేను చదివాను. కోటలో పుడితే రాజు, గుడిసెలో పుడితే కూలి. కనీసం బొమ్మల పుస్తకంలోనైనా ఈ దరిద్రం పోకపోతే ఇక ఎక్కడ పోతుంది? పిల్లలు చదివేది కదా అంటాడు యజమాని. పిల్లలు చదివేది కాబట్టే పోవాలి!

నేను పెట్టబోయే మాట రాసుకున్నాను. "ఈ దుప్పటి ఒకడి సొత్తు కాదు. దీన్ని నేసిన చేతులు, ఉతికిన చేతులు, చలికి వణికిన చేతులు, అన్నీ లేవండి!" ఇంకా ఉంది. చిక్కేమిటంటే బుడగ మరీ చిన్నది. అక్షరాలు చీమ తలకాయంత చేశాను, పట్టలేదు. సగానికి కోశాను, పట్టలేదు. ఎప్పుడూ నాకు ఇంతేసి బుడగలు గీసిచ్చే అన్నయ్య, ఆఖరిసారి ఇంత పిసినారితనం ఎందుకు చేశాడో అర్థం కావడం లేదు.

మడతలూ మెట్లూ తర్వాత చూసుకుందురుగాని. ఆ చేతులు నావని ఒక్క ముక్క రాయండి.

మరిది


కొట్టు వెనక గది,
ఆదివారం

నాయనా,

నీ అద్దె కుంచె నిన్న నా దగ్గరికి వచ్చింది. చిరునామా ఆ పెద్దకళ్ళద్దాలాయనే ఇచ్చి ఉంటాడు. దారిలో చెప్పు తెగితే ఒంటికాలి మీద వచ్చింది పాపం. ముందు చెప్పు కుట్టిచ్చాను, తర్వాతే పేరు అడిగాను. దగ్గే మొహం ఎలా గీస్తావమ్మా అంటే, దగ్గి చూపించింది. ఆ దగ్గు విని నాకు నవ్వొచ్చి, తర్వాత ఏడుపొచ్చింది. ఆమెకి ఏం చేయాలో తెలీలేదు. బిస్కెట్ల పొట్లం విప్పి నా ముందు పెట్టింది.

ధవళుడి గురించి ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఆయన మంచం మీద ఎటు ఒరిగి కూర్చునేవారు, కిటికీ ఎటుండేది, వెలుగు ఎటునించి పడేది, ఇవే అడిగింది. నేను ఒక చొక్కా కాలరు తిరగేస్తూ చెప్తున్నాను. కాసేపటికి తలెత్తి చూస్తే నా చేతులకేసి చూస్తోంది. టీ చల్లారిపోయింది, తాగలేదు. "అక్కా..." అని, బిస్కెట్ల పొట్లం నా వైపు ఇంకాస్త జరిపింది. వెళ్ళేటప్పుడు, "యజమానికి నేనేమీ చెప్పను, మీరు చెప్పాల్సినవాళ్ళకి చెప్పండి" అంది.

నువ్వు తిట్టినంత చెడ్డది కాదు.

అగ్గిపుల్లా, నువ్వు ఒక్కసారి ఇక్కడికి రా. నీతో ఒక మాట చెప్పాలి, కాగితం మీద చెప్పేది కాదు. బస్సు దిగి గుట్ట ఎక్కక్కర్లేదు, కొట్టు కిందనే ఉంది. రాకపోతే ఒక పని చెయ్యి: అంత చిన్న బుడగ మీ అన్నయ్య ఎందుకు గీశాడో పాళీ పక్కన పెట్టి ఆలోచించు. నీ మాటలు ఎంత పొడుగో ఆయనకి తెలియక కాదు.

వదిన


అచ్చాఫీసు మేడ,
గురువారం

వదినా,

రాను. ఎందుకు రానో చెప్తాను, ఒక్కసారే చెప్తాను.

అన్నయ్య ఆ గుట్ట మీద ఉన్న నాలుగు నెలల్లో నేను ఒక్కసారి కూడా రాలేదు. మీరు దాని గురించి ఒక్క మాట అనలేదు. అన్నా బాగుండేది. వారం వారం పేజీలు పోస్టులో వచ్చేవి, నేను బుడగలు నింపేవాణ్ణి, అచ్చయ్యేవి. కవరులో ఒక చీటీ అయినా పెడతాడేమోనని దులిపి చూసేవాణ్ణి. పెట్టలేదు. నేనూ పెట్టలేదు. ముందు నువ్వు పిలువు అని నేను, ముందు నువ్వు రా అని వాడు. ఇద్దరం ఒక తల్లి పిల్లలమే కదా.

ఆఖరికి వాడే పిలిచాడు. ఆ చేతులు గీసి పిలిచాడు. నాకు అంతకన్నా ఏమీ వద్దు, వదినా. యజమాని బొమ్మల పని నాకివ్వకపోయినా ఫరవాలేదు, నాకు ముక్కు కూడా తిన్నగా గీయడం రాదని నాకు తెలుసు. కానీ దుప్పటి నాకిచ్చాడన్నది లోకానికి తెలియాలి. నన్ను క్షమించకుండా పోలేదని తెలియాలి.

అందుకే కరపత్రం తయారుచేశాను. 'ధవళుడి వారసుడు ఎవరు?' అని పైన పెద్దక్షరాలు. కింద ఆ చేతుల బొమ్మ నా చేత్తో దించాను, గోటి మచ్చతో సహా. పక్కన నా చెయ్యి సిరాలో ముంచి అద్దిన ముద్ర. పోల్చి చూసుకోండి అని రాశాను. వచ్చే ఆదివారం కొట్ల ముందు నిలబడి పంచుతాను. అది పంచాక యజమాని తోక తిప్పితే జనం ఆయన కళ్ళద్దాలు తిప్పుతారు.

మీరు ఒప్పుకున్నట్టే భావిస్తాను. మీరు కాదనే మనిషి కాదు.

మరిది


కొట్టు వెనక గది,
శుక్రవారం

నాయనా,

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. ఆదివారం లోపల నీకు అందాలని కొట్టామె తమ్ముడు అటు వెళ్తుంటే అతని చేతికే ఇచ్చి పంపుతున్నాను. మెట్ల మీద కూర్చునే రాస్తున్నాను. తొందరలో అక్షరాలు కుదరకపోతే సర్దుకో.

ఆ చేతులు నీవి కావు.

ఈ మాట నీ ఎదురుగా కూర్చుని, నీ భుజం మీద చెయ్యేసి చెప్పాలనుకున్నాను. నువ్వు రానన్నావు. కరపత్రం పంచాక ఎవరో ఒకరు నీ మొహం మీదే నవ్వుతూ చెప్తే నువ్వు తట్టుకోలేవు. అందుకని నేనే చెప్తున్నాను.

ఆ చేతులు నావి. ఉంగరం కాదు అది, కుట్టేటప్పుడు సూది గుచ్చుకోకుండా నేను వేలికి పెట్టుకునే తొడుగు. కొట్టునించి తిన్నగా పరిగెత్తి గుట్ట ఎక్కేదాన్ని కదా, చాలాసార్లు తియ్యడం మర్చిపోయేదాన్ని. గోటి మీద నలుపు సిరా కాదు. ఆ బొమ్మ గీసిన రోజుల్లో మంచం పక్కన ఇనుప కమ్మీ దించుతుంటే బొటనవేలు నలిగి, గోరు నల్లబడింది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. మొన్న ఆ అమ్మాయి దాన్నే చూసింది. నువ్వు వచ్చి ఉంటే నువ్వూ చూసేవాడివి. ఇది నిన్ను పొడవడానికి అనడం లేదు.

ఇంకోటి. నువ్వు, పెద్దకళ్ళద్దాలాయన, ఇద్దరూ గోళ్ళు చూశారు, వేళ్ళు చూశారు. గోళ్ళు కనపడుతున్నాయంటే అరచేతులు ఎటున్నాయి? కిందికి ఉన్నాయి. ఇమ్మని చాచిన చేయి అరచేయి చూపిస్తుంది నాయనా. రోజూ ఎంతమంది బట్టలు తీసుకుంటానో, ఎంతమందికి ఇస్తానో, ఆమాత్రం నాకు తెలుసు. ఆ చేతులు దుప్పటి తీసుకోవడం లేదు. కప్పుతున్నాయి.

మీ అన్నయ్యకి సాయంత్రమయ్యేసరికి చలేసేది. దుప్పటి జారిపోయేది, మీదికి లాక్కునే బలం ఉండేది కాదు. నేను వెళ్ళేదాకా అలాగే గోడకి ఒరిగి కూర్చునేవారు. వెళ్ళగానే మెడదాకా కప్పేదాన్ని. ఆ బొమ్మలో అప్పగింత లేదు, వారసుడు లేడు. ధవళుడికి చలేసింది. అంతే.

నీ సంతోషం చూసి ఇన్నాళ్ళూ పెదవి విప్పలేకపోయాను. వదులుకోలేక కాదు, ఆ చేతులు నీవే అనుకో, నాకేం. కానీ నువ్వు లేని అర్థాన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగుతుంటే ఆయన బొమ్మ ఎవరూ చూడరు. నీ మచ్చ, పెద్దకళ్ళద్దాలాయన ఉంగరం, ఇవే చూస్తారు.

నిన్ను క్షమించారా అని కదా నీ బాధ. నాకు తెలిసింది చెప్తాను. ప్రతివారం పుస్తకం రాగానే ఆయన బొమ్మలు చూసేవారు కాదు. తను గీసినవే కదా. మొదటి పేజీనుంచి చివరిదాకా నీ అక్షరాలు చదివేవారు. బుడగల్లో ఏం పెట్టావో ఆయనకి ముందు తెలిసేది కాదుగా. చదివి, "వీడు బాగానే ఉన్నాడు" అనేవారు. ఒకసారి, "ఈ వారం వీడు సరిగ్గా తినడంలేదు, గుడులన్నీ వంకరగా ఉన్నాయి" అన్నారు. ఆ ఆఖరి బుడగ గీసి, "ఇది వాడికి" అన్నారు. ఏం రాయాలో చెప్పలేదు.

యజమానికీ ఇప్పుడే రాశాను. తోక తిప్పకూడదు. బొమ్మలు ఆ అమ్మాయి గీయాలి, ఎందుకంటే ఆమె చూసింది. మాటలు నీవి. దుప్పటి ఎవరిదన్నది కథలో ఆ చేతులే తేల్చుకుంటాయి.

తిట్టాలనిపిస్తే తిట్టు. ఉత్తరం మాత్రం మానకు.

వదిన


అచ్చాఫీసు,
శనివారం

మీరు అబద్ధం చెప్తున్నారు. అద్దె కుంచె వచ్చి మీకు నూరిపోసింది. లేకపోతే యజమాని. మీరందరూ ఒకటే. వాడు నాకోసం గీసింది కూడా మీకే కావాల్సి వచ్చిందా? నాలుగు నెలలూ వాడు మీ దగ్గరే ఉన్నాడు. రాత్రీ పగలూ మీకే ఉన్నాడు. నాకు రెండు చేతులు మిగిలాయి. అవీ లాగేసుకున్నారు.

ఇక రాయను.


కొట్టు,
బుధవారం

నాయనా,

తిట్లు అందాయి. నిజమే, అన్నాళ్ళూ నా దగ్గరే ఉన్నారు.

ఇక్కడ చలి పెరిగింది. మీ అన్నయ్య ఉన్ని చొక్కా చేతులు కాస్త పొట్టి చేసి పంపుతున్నాను. నీ కొలత నాకు గుర్తుంది.

వదిన


అచ్చాఫీసు మేడ, అన్నయ్య బల్ల దగ్గర,
సోమవారం

వదినా,

ఉన్ని చొక్కా సరిపోయింది. వేసుకునే రాస్తున్నాను. కొలత గుర్తుందన్నారు చూడండి, ఆ ముక్క దగ్గర నా కోపం చచ్చింది. మూడు రోజులు దాన్ని బతికించుకోవాలని చూశాను, కుదర్లేదు.

కరపత్రాలు పంచలేదు. కట్ట మంచం కింద ఉంది. వెనకవైపు తెల్లగా ఉన్నాయి కాబట్టి అక్షరాలు దిద్దుకోవడానికి వాడుతున్నాను.

నిన్న కిందికి వెళ్ళి పేజీ చూపించమన్నాను. యజమాని సొరుగు తాళం తీసి బయటికి వెళ్ళిపోయాడు. ఆయన కూడా మీ ఉత్తరం చదివినట్టున్నాడు, కళ్ళద్దాలు చేతిలోనే ఉన్నాయి. బొమ్మలామె అక్కడే ఉంది. నేను నా రెండు చేతులు చాచి, దుప్పటి తీసుకుంటున్నట్టు పట్టాను. గోళ్ళు కనబడలేదు. తిప్పి, కప్పుతున్నట్టు పట్టాను. కనబడ్డాయి. ఆవిడ చూసింది, చూడనట్టు పెన్సిలు చెక్కుకుంది. "మీరు ముందే కనిపెట్టి నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను. "చెప్తే వినేవారా?" అంది. వినేవాణ్ణి కాదు.

తర్వాత బుడగ ముందు కూర్చున్నాను. నేను రాసుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే ఆ చేతుల నోట పెట్టి చూశాను. చేతులన్నీ లేవండి, అనిపించాను. చలితో కూర్చున్న మనిషికి దుప్పటి కప్పుతూ ఎవరైనా ఉపన్యాసం ఇస్తారా? సిగ్గేసింది. వరద కథలో కూడా అదే చేశానని అర్థమైంది. నడుంలోతు నీళ్ళలో పిల్లని ఎత్తుకున్న ధవళుడి చేత పేజీడు పాఠం చెప్పించాను. పిల్ల తడుస్తూనే ఉంది.

మీకు తెలియని సంగతొకటి. ధవళుడు మొదట పుట్టింది అచ్చాఫీసులో కాదు. అమ్మ పనికి వెళ్ళినప్పుడు నేను భయపడి ఏడుస్తుంటే, అన్నయ్య పక్కమీది తెల్లదుప్పటి మెడకి కట్టుకుని మంచం మీంచి దూకేవాడు. నేను నవ్వేదాకా దూకేవాడు. తర్వాత అదే దుప్పటి విప్పి నాకు కప్పేవాడు. ఇంట్లో ఉన్నది ఆ ఒక్కటే. కప్పేముందు ప్రతిసారీ ఒక మాట అడిగేవాడు. నాకు ఎగిరినవన్నీ గుర్తున్నాయి, ఈ మాటే ఎలాగో మర్చిపోయాను. వాడు మర్చిపోలేదు. సరిగ్గా ఆ మాట పట్టేంత బుడగే గీశాడు.

పాళీ కడిగి, సిరా ముంచి, రాశాను:

"చలేస్తోందా?"

పట్టింది, వదినా. చుట్టూ వాడు ఎప్పుడూ వదలమనే జాగా కూడా మిగిలింది.

ఐదు వారాల తర్వాత ధవళుడి పుస్తకం ఈ శనివారం వస్తుంది. దుప్పటి ఎవరిది అని యజమాని ఇంకా గొణుగుతున్నాడు. కథ ముందుకు నడవాలి కదా అంటాడు. బొమ్మలామె తర్వాతి వారానిది మొదటి బొమ్మ గీసింది. ఒకామె వీధిలో నడిచి వెళ్తోంది, వెనకనుంచి కనబడుతుంది. దుప్పటి మెడకి కట్టుకోలేదు, మడతపెట్టి చేతి మీద వేసుకుంది. ఎక్కడ ఎవరు వణుకుతుంటే అక్కడిదాకా మోస్తుంది. ఎగరాలా వద్దా అన్నది ఆమె ఇష్టం. నాకు ఒప్పుదలే. వారసత్వం మీద నా అభిప్రాయాలు మాత్రం మారలేదు, అది మీతో వాదించడానికి దాచుకుంటున్నాను.

ఆదివారం బస్సుకి వస్తున్నాను. కొట్టు దాకా కాదు. మీతో పాటు గుట్ట ఎక్కుతాను. వాడు కూర్చున్న గోడ చూపించండి.

మరిది


కొట్టు మెట్లు,
శనివారం సాయంత్రం

నాయనా,

నువ్వు రేపు వస్తావు, ఇది నీకు ఎల్లుండి అందుతుంది. అయినా రాస్తున్నాను. ఎదురుగా అయితే ఈ మాట నా నోట రాదు.

పుస్తకం వచ్చింది. ఆయనలాగే నేనూ ముందు నీ అక్షరాలు చదివాను. తర్వాతే బొమ్మ చూశాను. దుప్పటి మీద చెయ్యి వేస్తే ఉత్త కాగితమే తగిలింది.

నువ్వు రాసిన మాట నేనూ రోజూ అడిగేదాన్ని. ఆ గుట్టమీద ప్రతి సాయంత్రం. ఆయన "ఊఁ" అనేవారు, నేను కప్పేదాన్ని. ఆఖరి సాయంత్రం కొట్టులో పని ఎక్కువై ఆలస్యంగా వెళ్ళాను. ఆయాసపడుతూ, ఏమీ అడక్కుండా, మెడదాకా లాగి కప్పేసి కుర్చీలో కూలబడ్డాను. ఆయన నా వైపు చూశారు. అడుగుతానేమోనని చూశారని నాకు తర్వాత తెలిసింది.

అప్పటినుంచీ ఆ మాట నా గొంతులోనే ఉంది. ఇవాళ నీ చేతిరాతలో, నా చేతుల పక్కన, నేనే అడిగినట్టు కనిపించింది.

వదిన